ఇనుప పలక ముందు అత్తమ్మ

మా అత్తమ్మకు బయటి తిండితో ఎప్పుడూ తకరారే. గుడ్డు కూడా ముట్టని మనిషి. అమెరికాలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా పిజ్జా తెస్తే "చీజుల ఏం కలుపుతరో మనకేం ఎర్క" అంటుంది. ఇండియన్ హోటల్‌కు తీసుకెళ్తే ఇంకా కష్టం. కూర్చున్నంతసేపూ ఆమె చూపు వంటింటి తలుపు మీదే ఉంటుంది. చికెన్ కలిపిన గరిటెతోనే పప్పు కలిపారేమోనని అనుమానం. ఆమె అనుమానం వట్టిదని నేనూ గట్టిగా చెప్పలేను. అట్లాంటి అత్తమ్మ ఈ దేశంలో నిశ్చింతగా, కడుపునిండా తిన్న హోటల్ ఒక్కటే. ఆ హోటల్ మెనూ కార్డులో పెద్దక్షరాలతో ఉండేది గొడ్డుమాంసం.

మా వాడిని పుట్టినరోజుకు ఎక్కడికి పోదామని అడిగితే తడుముకోకుండా "హిబాచీ" అన్నాడు. టెక్సస్‌లో మా ఫ్రిస్కో చుట్టుపక్కల పెరిగే పిల్లలకు పుట్టినరోజంటే అయితే ట్రాంపొలిన్ పార్కు, లేకపోతే హిబాచీ. చూడనివాళ్ల కోసం చెప్తాను. బల్ల నడిమధ్య పెద్ద ఉక్కు పలక ఉంటుంది, దాని కింద గ్యాసు మంట. చుట్టూ మూడువైపులా ఎనిమిది నుంచి పదిమంది దాకా కూర్చుంటారు. నాలుగోవైపు వంటమనిషి నిలబడి మన కళ్ల ముందే అన్నం, కూరగాయలు, మాంసం వండుతాడు. మధ్యమధ్యలో గరిటెలు ఎగరేస్తాడు, మంట లేపుతాడు, జోకులేస్తాడు, వండింది వండినట్టు మన పళ్లెంలో పెడతాడు. జపాన్‌లో హిబాచీ అంటే చలికాచుకునే బొగ్గుల కుంపటి. ఈ పలక వంటను అక్కడ తెప్పన్‌యాకీ అంటారు. అమెరికాలో మాత్రం ఊరూరా బోర్డు మీద హిబాచీ అనే ఉంటుంది కాబట్టి నేనూ అదే రాస్తున్నాను.

చిక్కల్లా ఆ పలకతోనే. గుడ్డు, రొయ్య, కోడి, గొడ్డుమాంసం, గుమ్మడి జాతి కూరగాయ జుకీనీ, అన్నీ దాని మీదే. మా ఇంట్లో నాన్‌వెజ్ వండం. మావారు, పిల్లాడు బయట చికెన్ తింటారు, బీఫ్ ముట్టరు. నేను గుడ్డు వరకు. మామయ్య, అత్తమ్మ పూర్తి శాకాహారం. "అమ్మావాళ్లను ఇంట్లో ఉంచి మనం పోయొద్దాం, వచ్చాక కేకు కోద్దాం" అన్నారు మావారు. మా వాడు ఒప్పుకోలేదు. మంట లేచినప్పుడు నానమ్మ మొహం ఎట్లా మారుతుందో చూడాలట వాడికి. అత్తమ్మ తేల్చి చెప్పేసింది: "వస్త బిడ్డా. కూసుంట. తినుడు మాత్రం అడగొద్దు."

అప్పుడు నేను హోటల్‌కు ఫోన్ చేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను. ఎందుకంటే శాకాహారులు హిబాచీకి పోతే అసలు కథ నడిచేది ఫోన్‌లోనే. బల్ల దగ్గర వంటమనిషి రెండు చేతులతో గరిటెలు తిప్పుతూ ఉంటాడు, చుట్టూ పిల్లలు కేకలు పెడుతుంటారు, అప్పుడు మన పత్యం సంగతులు వినే తీరిక అతనికి ఉండదు.

ఫోన్ ఎత్తిన అమ్మాయికి ఇవన్నీ అలవాటే. మా చుట్టుపక్కల ఇళ్లలో సగం మనవాళ్లే మరి. సూప్ దేంతో చేస్తారని అడిగితే బోన్ బ్రాత్ అంది. చూడటానికి తేటగా, నాలుగు పుట్టగొడుగు ముక్కలు, కాసిని వేయించిన ఉల్లిగడ్డలు తేలుతూ అమాయకంగా కనిపించే ఆ సూప్ చాలా చోట్ల కోడి ఎముకలు గానీ, గొడ్డు ఎముకలు గానీ వేసి మరిగించిన నీళ్లే. మిసో సూప్ అయినా అంతే, అందులో సాధారణంగా ఎండబెట్టిన చేప సారం పడుతుంది. సలాడ్ మీద పోసే అల్లం డ్రెస్సింగ్‌లో అల్లం, ఉల్లిగడ్డ, క్యారెట్, నూనె, వెనిగర్, సోయా సాస్ తప్ప ఏమీ లేవంది. లేత గులాబీ రంగు సాస్ ఒకటి ఇస్తారు, యమ్ యమ్ సాస్ అంటారు. పిల్లలు దాన్ని తాగేస్తారు. అది మయనీస్, అంటే గుడ్డు. జపాన్‌కు దానితో సంబంధం లేదు, పూర్తిగా అమెరికా సరుకు. నూడిల్స్‌లో గుడ్డు ఉందో లేదో ప్యాకెట్ చూసొచ్చి చెప్పింది, ఉందట. వెన్నలో వెల్లుల్లి కలిపి ఉంటుంది, వద్దంటే ఉత్త నూనెతో చేస్తాం అంది.

చివరికి అసలు ప్రశ్న అడిగాను: పలక ఒక్కటే కదా, ఎట్లా? ఆమె రెండు దారులు చెప్పింది. ఒకటి, శాకాహారం వాళ్లది లోపలి వంటింట్లో వేరే పెనం మీద చేయించి తెచ్చిపెట్టడం. రెండోది, సాయంత్రం తలుపులు తీయగానే, అయిదింటికి రావడం. అప్పటికి పలక మీద ఆ పూట ఏదీ కాలి ఉండదు. వంటమనిషితో మాట్లాడి అందరికంటే ముందు మావాళ్లదే వండిస్తానంది. నేను రెండోదే పట్టుకున్నాను. లోపలి వంటింట్లో ఏం జరుగుతుందో కనపడదు. కనపడని వంటే అత్తమ్మ సమస్య.

అయిదుకు పది నిమిషాల ముందే చేరుకున్నాం. మా వాడి దోస్తులు ఇద్దరితో కలిపి ఏడుగురం. బల్లకు పది కుర్చీలు. మిగతా మూడింటిలో ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు, అది ఇక్కడి పద్ధతి. తెల్లజుట్టు భార్యాభర్తలు, పన్నెండేళ్ల మనవరాలు వచ్చి కూర్చున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన కూర్చుని తినడం అమెరికాలో చాలా అరుదు. ఇక్కడ మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు. పదినిమిషాల్లో ఆ పెద్దాయన మామయ్యను మీరేం చేసేవారు అని అడగడం, మామయ్య "ఆయిల్ బిజినెస్" అనడం, టెక్సస్ వాడు కనుక ఆయన పెట్రోలు అనుకుని కళ్లు పెద్దవి చేయడం జరిగిపోయాయి. మామయ్యకు తాండూరులో నూనెల దుకాణం ఉండేది. పల్లీ, కుసుమ.

నేను కుర్చీలు సర్దాను. అత్తమ్మను వంటమనిషికి కుడిచేతివైపు మూలకు, ఆ పక్కన మామయ్యను, తర్వాత నేను. పిల్లలు నడిమధ్యన. వచ్చినవాళ్లు ముగ్గురూ రెండో మూల. పలక వెడల్పు అంతా వాళ్లకూ అత్తమ్మకూ మధ్య ఉండేటట్టు. చీరలు కట్టేవాళ్లను తీసుకెళ్లేవారికి ఒక మాట: నూలు చీర కట్టమనండి. సింథటిక్ వద్దు. పలకకూ మనకూ మధ్య జానెడున్నర చెక్క అంచు ఉంటుంది కానీ, మంట లేచినప్పుడు సెగ మొహానికి కొడుతుంది. అత్తమ్మ చెప్పకుండానే కొంగు తెచ్చి బొడ్లో దోపుకుంది.

ఆర్డర్ తీసుకునేది వంటమనిషి కాదు, వేరే అమ్మాయి. అందరికీ సూప్ వచ్చింది, మా ముగ్గురికీ రాలేదు. బదులుగా సలాడ్ రెండో గిన్నె ఇచ్చారు. అత్తమ్మ అల్లం డ్రెస్సింగ్ నాలుకమీద వేసుకుని చూసి, ఏమీ అనకుండా మామయ్య గిన్నెలోది కూడా తనవైపు జరుపుకుంది. శకునం బాగుందనుకున్నాను.

మామయ్య మాత్రం తిండి సంగతి వదిలేసి హోటల్‌ను లెక్కగట్టడం మొదలుపెట్టాడు. "వంటింట్ల చేసుకోక బల్ల మీదికి ఎందుకు తెచ్చిండ్రు?" అని అడిగాడు. నాకు తెలిసిన కథ చెప్పాను. ఇనుప పలక మీద మాంసం కాల్చి అతిథి ముందే పెట్టే పద్ధతిని 1945లో జపాన్‌లోని కోబె నగరంలో మిసోనో అనే హోటల్ మొదలుపెట్టింది. అక్కడివాళ్ల కంటే విదేశీయులకే అది ఎక్కువ నచ్చింది. దాన్ని అమెరికాలో ఇంటింటి మాటగా చేసినవాడు రాకీ ఆవొకి. టోక్యో కుర్రాడు, కుస్తీ పట్టేవాడు. న్యూయార్క్ వచ్చి హార్లెమ్ వీధుల్లో ఐస్‌క్రీమ్ బండి నడిపి పదివేల డాలర్లు వెనకేసుకున్నాడు. 1964లో వెస్ట్ 56వ వీధిలో నాలుగే నాలుగు బల్లలతో బెనిహానా తెరిచాడు. మొదట్లో ఈగలు తోలుకున్నాడు. తర్వాత పత్రికలో ఒక మంచి సమీక్ష రావడంతో జనం ఎగబడ్డారు. టోక్యోలో వాళ్ల నాన్న నడిపిన కాఫీ హోటల్ పేరే దీనికీ పెట్టాడు. యుద్ధంలో బాంబులు పడి కూలిన శిథిలాల మధ్య ఒక ఎర్రపువ్వు పూసి ఉండటం చూసి ఆ తండ్రి ఆ పేరు ఎంచుకున్నాడని వాళ్ల కుటుంబం చెప్పుకుంటుంది. ఆ పువ్వు కుసుమ పువ్వు.

"కుసుమలా?" అన్నాడు మామయ్య. జీవితమంతా కుసుమ నూనె డబ్బాలు తూచిన మనిషి. అంతసేపూ ఈ హోటల్‌ను కొంచెం వెటకారంగా చూసినవాడు అప్పటినుంచి పెద్దమనిషి తరహాలో సర్దుకుని కూర్చున్నాడు.

కాసేపటికి ఆయనే లెక్క తేల్చాడు కూడా. పదిమందికి ఒక్క వంటాయన. వడ్డించేవాడూ అతనే. లోపల పెద్ద వంటిల్లు అక్కర్లేదు, ఆ జాగాలో ఇంకో రెండు బల్లలు పడతాయి. వండేవి నాలుగైదు రకాలే, సరుకు పాడయ్యేది తక్కువ. బల్ల నిండేదాకా జనాన్ని బయట బార్‌లో కూర్చోబెడతారు, ఆ లోపు తాగుడు బిల్లు వేరే. "మంచి బేరం" అన్నాడు. 1972లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆ బెనిహానా మీద కేస్ స్టడీ రాసి పిల్లలకు పాఠం పెట్టింది. అందులో చెప్పే అసలు సంగతులు దాదాపు ఇవే. మా మామయ్యకు సూప్ గిన్నెలు ఎత్తేలోపే అర్థమైపోయింది.

వంటమనిషి చక్రాల బండి తోసుకుంటూ వచ్చాడు. ఎర్ర టోపీ, నడుముకు కత్తి ఒర. బండి మీద పచ్చి సరుకు వేర్వేరు పళ్లేల్లో సర్ది ఉంది. ఇది నేను ముందు ఊహించలేదు కానీ, అత్తమ్మ మొదట చూసింది ఆ బండినే. గొడ్డుమాంసం పళ్లెం ఒకటి, రొయ్యలది ఒకటి, కోడిది ఒకటి, కూరగాయలది వేరే. ఏదీ దేనికీ తగల్లేదు కదా అని ఆమె కళ్లతో ఒకసారి చుట్టి వచ్చింది. అతను వచ్చీ రాగానే మావైపు చూసి "నో ఎగ్, నో మీట్, ఫస్ట్" అని బొటనవేలు చూపించాడు. ఫోన్ అమ్మాయి మాట నిలబెట్టుకుంది.

తర్వాత అతను చేసిన పని మా వాడికి బోరు కొట్టింది గానీ అత్తమ్మకు అదే అసలు ఆట. సీసాతో పలక మీద నీళ్లు చిమ్మాడు. బుస్సుమని ఆవిరి లేచింది. గరిటె అంచుతో పలకను ఈ చివర నుంచి ఆ చివరిదాకా గీకి, ఆ నీళ్లనంతా అంచున ఉన్న కంతలోకి నెట్టాడు. మడత పెట్టిన తెల్లగుడ్డను గరిటె కింద నొక్కిపట్టి తుడిచాడు. గుడ్డ తిప్పి మళ్లీ తుడిచాడు. రెండోసారి గుడ్డ మీద మరక రాలేదు. మళ్లీ నాలుగు చుక్కల నీళ్లు చల్లితే అవి ముత్యాల్లా ఉండలు కట్టి పలక మీద ఉరికాయి.

"దోసె పెనం లెక్కనే చూస్తుండు" అంది అత్తమ్మ నాతో. ఆ గొంతులో అనుమానం లేదు. పనివాడిని పనివాడు గుర్తుపట్టినప్పటి గొంతు అది.

మా మూలన నూనె పోసి ఉల్లిగడ్డ, జుకీనీ, క్యారెట్, బ్రకోలీ, పుట్టగొడుగులు వేశాడు. ఉప్పు, మిరియాలు, నువ్వులు, చివర్లో సోయా సాస్. మండే పలక మీద సోయా సాస్ పడగానే అంచులు మాడి తియ్యటి కమ్మటి వాసన వస్తుంది చూడండి, హిబాచీలో సగం రుచి అదే. ఆ పక్కనే గుడ్డు లేకుండా అన్నం వేయించాడు. అది మన సోనా మసూరి కాదు, పొట్టిగింజ, కాస్త జిగురు. పలకకు పలచగా అదిమి, అడుగు గట్టిపడ్డాక తిరగేసి, మళ్లీ అదిమాడు. మూడు పళ్లేల్లో పెట్టేశాడు. మా భోజనం వచ్చేసింది, ఇంకా అతని అసలు సర్కస్ మొదలే కాలేదు.

పిల్లల కోసం గుడ్డు బయటికి తీశాడు. పలక మీద బొంగరంలా తిప్పాడు, గరిటెతో ఎత్తాడు, టోపీలో పడేసుకున్నాడు, మళ్లీ గాలిలోకి లేపి గరిటె అంచు మీద పడేసరికి అది చక్కగా రెండుగా పగిలింది. ఇదంతా వాళ్ల మూలన. అత్తమ్మ చెయ్యి మాత్రం తన పళ్లెం మీద గొడుగులా అడ్డం ఉంది. ఒక్క తుంపర ఇటు రాలేదు, అయినా ఆ చెయ్యి తియ్యలేదు.

తర్వాత ఉల్లిగడ్డ. మందమైన చక్రాలుగా కోసి, రింగులు విడదీసి, పెద్దది కింద, చిన్నది పైన పేర్చి గోపురం కట్టాడు. నడిమి కంతలో నూనె, కాస్త సాకే అనే జపాన్ బియ్యపు సారా పోసి నిప్పంటించాడు. మంట మూరెడు లేచింది. పిల్లలు అరిచారు. మా వాడు మంట చూడలేదు, నానమ్మను చూశాడు. ఆమె మొహం ఏమీ మారలేదు. "ఉల్లిగడ్డ మస్తు నీటుగ కోసిండు, పొర తెగలే" అంది. వాడికి కొంచెం నిరాశే.

తర్వాత అతను అందరి నోళ్లలోకి ముక్కలు విసిరే ఆట పెట్టాడు. మాంసం తినేవాళ్లకు రొయ్యలు, మాకు బ్రకోలీ. ఇది నాకు నచ్చని భాగం. తిండి విసరడం ఒకటి, మెడలు అడ్డదిడ్డంగా తిప్పడం ఇంకోటి. న్యూయార్క్‌లో ఇట్లాగే విసిరిన రొయ్యను తప్పించుకోబోయి మెడ పట్టేసిందని, ఆ తర్వాత మనిషి ప్రాణమే పోయిందని ఒక కుటుంబం కోర్టుకెక్కింది. 2006లో జ్యూరీ హోటల్ తప్పేం లేదని తేల్చింది. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ నేను నోరు తెరవను, పెద్దవాళ్లను తెరవనివ్వను. వద్దంటే వంటమనిషి బలవంతం చేయడు, తల అడ్డంగా ఊపితే చాలు. మామయ్య నోరు తెరవలేదు, చెయ్యి చాపాడు. బ్రకోలీ నేరుగా అరచేతిలో పడింది. తెల్లజుట్టు పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

అన్నిటికంటే చివర మాంసం. కోడి మధ్యలో, గొడ్డుమాంసం ఆ ముగ్గురి మూలకు. స్టేక్ ఎంత కాల్చాలని వాళ్లను అడిగాడు, మీడియం రేర్ అన్నారు, లోపల గులాబీ రంగు ఉండగానే ముక్కలు కోసి పెట్టేశాడు. నేను భయపడింది ఈ ఘట్టానికే. వాసన వస్తుంది, అత్తమ్మ లేచిపోతుందేమోనని. పైన పొగగొట్టం బాగా లాగుతుంది కాబట్టి వాసన పెద్దగా రాలేదు. ఇంకో సంగతి, అప్పటికి ఆమె పళ్లెం సగం ఖాళీ. తింటూనే అటు చూసింది. చూసి నాతో అన్న మాట నేనిప్పటికీ చాలామందికి చెప్తుంటాను: "కండ్ల ముంగట చేస్తుండు కదా. ఏది దేన్కి తగిలిందో కనవడ్తుంది. కనవడ్తే భయమెందుకు?"

అప్పుడు నాకు తట్టింది. ఇన్నేళ్లుగా నేను ఆమె కోసం వెతికింది శాకాహారం అని బోర్డు పెట్టిన హోటళ్లు. ఆమెకు కావలసింది బోర్డు కాదు. ఇక్కడ గొడ్డుమాంసం ఉంది, అది ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఇండియన్ హోటల్‌లో పప్పు శుద్ధమైనదే కావచ్చు, కానీ అది ఆమెకు తెలియదు. అందరి ఇళ్లలో పెద్దవాళ్లూ ఇట్లాగే ఉంటారని నేను చెప్పను. మా అమ్మ అయితే ఆ బండి మీది మాంసం చూసిన మరుక్షణం కారులోకి వెళ్లి కూర్చునేది. పలక ఒకటే అన్న విషయమే సరిపడని వాళ్లకు ఏ జాగ్రత్తా చాలదు, వాళ్లను తీసుకెళ్లొద్దు.

రుచి సంగతి నిజాయితీగా చెప్పాలి. అన్నం బాగుంది, కూరగాయలు పర్వాలేదు. జుకీనీ కరకరలాడింది. వాళ్లు కావాలనే అట్లా వదిలేస్తారు, అత్తమ్మ మాత్రం "ఇది ఉడకలే" అని పక్కకు పెట్టింది. కారం లేదు. అడిగితే శ్రీరాచా అనే మిరప సాస్ సీసా ఇచ్చారు, దాంతో మామయ్య పళ్లెం ఎర్రబడింది. చికెన్ గురించి మావారిని అడిగితే భుజాలు ఎగరేశారు. ఉప్పు, మిరియాలు, నువ్వులు, వెల్లుల్లి వెన్న, సోయా సాస్ తప్ప ఇంకే మసాలా పడని వంట ఇది. ఇంట్లో ఇనుప మూకుడు మీద చేస్తే ఇంతకన్నా బాగా వస్తుంది అనిపించింది.

మాంసం అయిపోయాక అతను మళ్లీ నీళ్లు పోసి పలకంతా గీకి, నిగనిగలాడేలా తుడిచి, తలవంచి నమస్కారం పెట్టాడు. మామయ్య ఇంగ్లిష్‌లో "మీరు జపానా?" అని అడిగాడు. కాదు, ఇండోనేషియా అన్నాడు. ఈ బల్లల వెనక నిలబడేవాళ్లలో జపాన్ మనుషులు నాకు తగిలింది తక్కువే. ఇండోనేషియా, చైనా, మెక్సికో, ఫిలిప్పీన్స్ వాళ్లే ఎక్కువ. గరిటెలు తిప్పడం ఎట్లా నేర్చుకున్నావంటే ఇంటి గ్యారేజీలో, ఉడికించిన గుడ్లతో అన్నాడు. పచ్చివైతే భార్య తుడవనని చెప్పిందట. చేతి వెనక చిన్న చిన్న కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి. అత్తమ్మ అవి చూసి తన ముంజేతి మీది మచ్చ చూపించింది, ఏ పండక్కో అరిసెల నూనె చింది పడ్డది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అతను నవ్వి తల ఊపాడు.

పుట్టినరోజు తంతు ఎక్కడైనా ఒక్కటే. పెద్ద గంట మోగించారు, డప్పు కొట్టారు, నలుగురు వచ్చి పాడారు, మా వాడి నెత్తిన ఎర్ర టోపీ పెట్టి ఫొటో తీశారు. ఒక గిన్నెడు ఐస్‌క్రీమ్ ఉచితం. వాడు సిగ్గుతో చచ్చిపోయాడు, దోస్తులు వీడియో తీశారు.

బిల్లు చూసి మావారు ఒక నిమిషం మాట్లాడలేదు. వెజిటబుల్ పళ్లెం ఇరవై డాలర్ల పైన, చికెన్ ఇంకొంచెం ఎక్కువ. దానిమీద ఇక్కడి 8.25 శాతం పన్ను. మంది ఎక్కువైతే టిప్పు వాళ్లే బిల్లులో వేసేస్తారు, మాకూ వేశారు. అది చూసుకోకుండా మళ్లీ టిప్పు రాసేవాళ్లను చూశాను, కాబట్టి కాగితం కిందిదాకా చదవండి. ఆ టిప్పు వంటమనిషికి ఎంత అందుతుందో హోటల్‌ను బట్టి మారుతుంది. మామయ్య లేచేముందు తన జేబులోంచి విడిగా ఒక నోటు తీసి అతని చేతిలో పెట్టాడు. వారం మధ్యలో మధ్యాహ్నం పోతే ఇదే పళ్లెం చాలా తక్కువకు వస్తుంది, జనమూ ఉండరు. పుట్టినరోజు లేనివాళ్లు అట్లా పోవడమే మేలు. ఒంటికీ, జుట్టుకూ పట్టిన నూనె వాసన మాత్రం ఏ పూట పోయినా తప్పదు. కారులో కిటికీలు దించుకునే వచ్చాం.

మిగిలిన అన్నం డబ్బాల్లో కట్టి ఇచ్చారు. ఆర్డర్లు తారుమారు కాకుండా మాది వేరే డబ్బా, మూత మీద మార్కర్‌తో గీత. మర్నాడు పొద్దున అత్తమ్మ ఆ అన్నంలో పచ్చిమిర్చి, అల్లం, ఆవాలతో పోపు పెట్టి, నిమ్మకాయ పిండింది. ముందురోజు రాత్రి కన్నా అదే బాగుందన్నది ఇంట్లో అందరి మాట.

ఈ మధ్య ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో ఇంకో పద్ధతి వచ్చింది. వంటమనిషినే ఇంటికి పిలిపిస్తారు. అతను గ్యాసు సిలిండరు, చక్రాల పెనం వ్యాన్‌లో తెచ్చుకుని పెరట్లో నిలబెట్టి, ఇరవై ముప్పైమందికి ఇదే సర్కస్ చేసి పోతాడు. కోవిడ్ రోజుల నుంచి బాగా ఊపందుకుంది. మా కాలనీలో ఒకరింట్లో గృహప్రవేశం అయ్యాక స్నేహితుల విందుకు అట్లాగే పెట్టుకున్నారు, మమ్మల్నీ పిలిచారు. అత్తమ్మను వస్తావా అని అడిగాను. ఈసారి ఆమె తిననని అనలేదు. "ఆయన మనింటికి రాకముందు ఆ పెనం ఎవరింటికి పోయొచ్చిందో కనుక్కో, మనది ముందు వండుతడా ఎనుక వండుతడా అడుగు" అంది. ఫోన్ నంబరు తీసుకుని వాళ్లకు ఫోన్ చేశాను. మధ్యాహ్నం ఇంకో పార్టీ ఉందట, అక్కడినుంచి నేరుగా వస్తారట. పెనం కడుగుతారా అంటే తుడుస్తాం అన్నారు.

అత్తమ్మ పులిహోర కలుపుకుని డబ్బాలో పట్టుకొచ్చింది.